లాలాజల సెన్సర్లు: చిగుళ్ల వ్యాధి నిర్ధారణ, పర్యవేక్షణ

లాలాజలంలోని ప్రోటీన్లను, ఎంజైములను, బ్యాక్టీరియా అవశేషాలను గుర్తించి, వాటి మోతాదును రంగు గీతగానో విద్యుత్ సంకేతంగానో చూపే చిన్న పరికరాలను లాలాజల సెన్సర్లు అంటారు. చిగుళ్ల వ్యాధి విషయంలో వీటికి రెండు పనులున్నాయి. జబ్బు ఉన్నవారిని లేనివారి నుంచి వేరు చేయడం మొదటిది. చికిత్స జరిగాక వాపు తగ్గుతోందా, మళ్లీ రాజుకుంటోందా అని కనిపెట్టి ఉండడం రెండోది. మొదటి పనికి కొన్ని పరీక్షలు ఇప్పటికే మార్కెట్లో ఉన్నాయి. రెండోది ఇంకా ఎక్కువగా పరిశోధనల్లోనే ఉంది. అసలు విలువ మాత్రం ఆ రెండో పనిలోనే ఉంది. ఎందుకో తెలియాలంటే ముందు జబ్బు స్వభావం తెలియాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన నోటి ఆరోగ్య నివేదిక ప్రకారం తీవ్రమైన చిగుళ్ల వ్యాధి ఉన్నవారు ప్రపంచంలో 100 కోట్లకు పైనే. పెద్దవాళ్లలో దాదాపు 19 శాతం. ఇంతమందికి ఉన్నా ఈ జబ్బు చప్పుడు చేయదు. పిప్పిపన్ను రాత్రి నిద్ర పోనివ్వదు కాబట్టి మనిషిని పళ్ల డాక్టరు దగ్గరికి పంపిస్తుంది. చిగుళ్ల జబ్బులో చాలామందికి నొప్పే ఉండదు. తోముకునేటప్పుడు ఉమ్మిలో కాస్త ఎర్రదనం, నోటి వాసన, పళ్ల మధ్య కొత్తగా ఏర్పడిన సందులు, ఇంతే. పన్ను కదిలేసరికి దాన్ని పట్టి ఉంచాల్సిన ఎముక చాలావరకు పోయి ఉంటుంది. అలా పోయిన ఎముక చాలా సందర్భాల్లో పూర్తిగా తిరిగి రాదు.

చిగురు కింద జరిగేది

పళ్ల మీద పేరుకునే పాచి ఒక బ్యాక్టీరియా పొర. తోమకుండా వదిలేస్తే చిగురు అంచున మందమవుతుంది. లాలాజలంలోని కాల్షియం లవణాలు చేరి గారగా గట్టిపడుతుంది. హెరాల్డ్ లో అనే పరిశోధకుడు, ఆయన సహచరులు డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో 12 మంది ఆరోగ్యవంతుల చేత పళ్లు తోమడం మాన్పించి చూశారు. 10 నుంచి 21 రోజుల్లో అందరి చిగుళ్లూ వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టగానే వాపు తీసింది. 1965లో ప్రచురించిన ఈ పరిశీలనతో రెండు సంగతులు రుజువయ్యాయి: వాపుకు కారణం పాచే, ఆ దశలో దాన్ని పూర్తిగా వెనక్కి తిప్పవచ్చు.

కొందరిలో వాపు అక్కడితో ఆగదు. చిగురుకూ పంటికీ మధ్య సందు లోతై గుంటగా మారుతుంది. గాలి అందని ఆ లోతుల్లో పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్, టానెరెల్లా ఫోర్సిథియా, ట్రెపొనెమా డెంటికోలా అనే మూడు బ్యాక్టీరియాలు స్థిరపడతాయి. బోస్టన్‌లోని ఫోర్సైత్ సంస్థకు చెందిన సిగ్మండ్ సొక్రాన్‌స్కీ బృందం 1998లో ఈ మూడింటినీ కలిపి ఎర్ర గుంపుగా వర్గీకరించింది. వీటిని ఎదుర్కోవడానికి రక్తంలోని న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు గుంపులుగా చిగురులోకి చేరతాయి. వచ్చేటప్పుడు తమతో కణజాలాన్ని కోసే ఎంజైములను తెస్తాయి. పంటి వేరును ఎముకకు బిగించి ఉంచే నారపోగుల్లో ముఖ్య పదార్థం కొల్లాజెన్. తెల్లకణాలు తెచ్చే ఎంజైముల్లో ఒకటైన ఎంఎంపీ-8 కోసేది సరిగ్గా దాన్నే. అంటే చిగుళ్ల వ్యాధిలో బ్యాక్టీరియా నిప్పు అంటిస్తుందే గానీ, విధ్వంసంలో పెద్ద వాటా మన ఒంటి రక్షణ వ్యవస్థదే. లాలాజల సెన్సర్ల ఆలోచన అంతా ఈ సంగతి మీదే నిలబడింది.

కొల్లాజెన్‌ను కోసే ఈ కుటుంబపు ఎంజైములు మొదట బయటపడింది కప్పల మీద చేసిన పరిశోధనలో. తోకకప్ప కప్పగా మారేటప్పుడు అంత పెద్ద తోక ఏమవుతుందని వెతుకుతూ జెరోమ్ గ్రాస్, చార్లెస్ లాపియేర్ 1962లో ఆ తోక కణజాలంలో కొల్లాజెనేజ్‌ను కనుగొన్నారు. ఎదిగే జీవికి అవసరమైన ఆ పనే అదుపు తప్పినప్పుడు నోట్లో పంటి ఆధారాన్ని కరిగిస్తుంది.

ఎవరిలో అదుపు తప్పుతుందన్నది చూసి చెప్పడం కష్టం. శ్రీలంక తేయాకు తోటల్లో పనిచేసే 480 మంది పురుషులను హెరాల్డ్ లో బృందం 1970 నుంచి 15 ఏళ్ల పాటు గమనించింది. వారికి దంతవైద్యం అందుబాటులో లేదు, పళ్లు శుభ్రం చేసుకునే అలవాటూ లేదు. అందరి పళ్ల మీదా పాచీ గారా విపరీతంగా ఉన్నాయి. అయినా సుమారు 8 శాతం మందిలో జబ్బు వేగంగా ముదిరింది, 81 శాతం మందిలో మధ్యస్థంగా సాగింది, 11 శాతం మందిలో చిగుళ్ల వాపును దాటి ముందుకే పోలేదు. 1986లో వెలువడిన ఈ ఫలితాలు చెప్పేది ఒకటే. పాచిని చూసి జబ్బు గతిని అంచనా వేయలేం. లోపల శరీరం ఎలా స్పందిస్తోందో తెలియాలి.

ప్రోబ్ చెప్పేది

చిగుళ్ల వ్యాధిని నిర్ధారించడానికి డాక్టర్లు ఇప్పటికీ ఆధారపడేది మిల్లీమీటరు గీతలున్న సన్నని లోహపు పుల్ల మీద. దాన్ని ప్రోబ్ అంటారు. 1936 నుంచి విలియమ్స్ ప్రోబ్ వాడుకలో ఉంది. ఒక్కో పంటి చుట్టూ ఆరు చోట్ల చిగురు గుంటలోకి దించి లోతు కొలుస్తారు. 28 పళ్లున్న మనిషికి 168 కొలతలు. చేసేవారికి నేర్పు కావాలి, కొలతలు రాసుకునే సహాయకులు కావాలి, రోగికి ఓపిక కావాలి. వాచిన చిగుళ్లలో అది నొప్పి కూడా. చేతి ఒత్తిడి కొద్దిగా మారినా కొలత ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అవుతుంది.

అంతకన్నా పెద్ద ఇబ్బంది ఇంకొకటుంది. ప్రోబ్ కొలిచేది ఇప్పటిదాకా జరిగిన నష్టాన్ని. ఎక్స్‌రే కూడా అంతే, పైగా ఎముకలో ఖనిజం చెప్పుకోదగినంత పోతే తప్ప అందులో తేడా కనిపించదు. మాక్స్ గుడ్‌సన్, సొక్రాన్‌స్కీ తదితరులు 1980ల మొదట్లో చేసిన పరిశోధనల్లో ఈ జబ్బు నిలకడగా నడవదని తేలింది. ఒకచోట కొన్నాళ్లు చెలరేగుతుంది, తర్వాత నెలల తరబడి అణగి ఉంటుంది, మరోచోట లేస్తుంది. ఆరు మిల్లీమీటర్ల గుంట ఈరోజు రగులుతున్నది కావచ్చు, ఐదేళ్ల కిందే ఆరిపోయింది కావచ్చు. ప్రోబ్‌కు రెండూ ఆరే.

ప్రోబ్ దించినప్పుడు రక్తం కారితే జబ్బు చురుగ్గా ఉందని భావిస్తారు. నిక్లాస్ లాంగ్ బృందం 1986, 1990లలో ఇచ్చిన ఫలితాలు దీని బలాన్నీ బలహీనతనూ చూపించాయి. పదే పదే చూసినా రక్తం రాని చోట్లు దాదాపు అన్నీ స్థిరంగా ఉన్నాయి. అందువల్ల రక్తం రాకపోవడం నమ్మదగిన శుభసూచన. కానీ వరసగా నాలుగుసార్లు రక్తం కారిన చోట్లలో కూడా తర్వాత నష్టం జరిగినవి 30 శాతమే. పైగా పొగతాగేవారిలో చిగుళ్ల రక్తస్రావం తగ్గి, జబ్బు దాగి ఉంటుంది. లోపల ఈ పూట ఏం జరుగుతోందో చెప్పే గుర్తు కోసం వెతుకులాట ఇక్కడే మొదలైంది.

లాలాజలమే ఎందుకు

మనిషి నోట్లో రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. అందులో దాదాపు 99 శాతం నీరే. మిగిలిన ఆ కాస్తలో లవణాలు, అమైలేజ్ వంటి ఎంజైములు, జిగురునిచ్చే మ్యూసిన్లు, రక్షక ప్రోటీన్లు ఉంటాయి. మూడు జతల పెద్ద గ్రంథులతో పాటు పెదవుల లోపల, అంగిట్లో వందలాది చిన్న గ్రంథులు దీన్ని స్రవిస్తాయి. వీటన్నింటికీ తోడు చిగురు గుంటల్లోంచి సన్నగా ఊరే మరో ద్రవం కూడా వచ్చి కలుస్తుంది. వాచిన చిగురులో అది ఎక్కువగా ఊరుతుంది. న్యూట్రోఫిల్స్, వాటి ఎంజైములు, తెగిన కొల్లాజెన్ ముక్కలు, బ్యాక్టీరియా, రక్తం అన్నీ అందులోనే కొట్టుకొస్తాయి.

ఆ ద్రవాన్నే నేరుగా పట్టుకుంటే ఇంకా కచ్చితంగా ఉంటుంది కదా? పట్టుకుంటారు కూడా. సన్నని కాగితపు పట్టీని గుంటలోకి దించి అర నిమిషం ఉంచి తీస్తారు. ఏ పంటి దగ్గర ఏముందో తెలుస్తుంది. కానీ దొరికేది మైక్రోలీటరు లోపు, ప్రతి పంటికీ వేరే పట్టీ, ప్రతిదానికీ నిపుణుల చెయ్యి. లాలాజలానికి అవేవీ అక్కర్లేదు. సూది గుచ్చనక్కర్లేదు, ఆరోగ్య కార్యకర్త అయినా, ఆ మనిషే అయినా తీసుకోవచ్చు. ఉమ్మితో చేసే పరీక్షల మీద జనానికి, ప్రభుత్వాలకు నమ్మకం కుదిరే ఉంది. చిగుళ్ల మీద రుద్ది తీసిన నమూనాతో హెచ్ఐవీని పసిగట్టే ఒరాక్విక్ పరీక్షకు అమెరికాలో 2004లో అనుమతి వచ్చింది, 2012లో ఇంట్లో చేసుకోవడానికీ వచ్చింది. కోవిడ్ కాలంలో యేల్ విశ్వవిద్యాలయం రూపొందించిన సలైవాడైరెక్ట్ ఇంకో ఉదాహరణ.

ఈ సౌలభ్యానికి చెల్లించే మూల్యం ఒకటుంది. లాలాజలం నోరంతటి లెక్కను కలిపి చెబుతుంది. ఊరి చెరువు నీళ్లు పరీక్షిస్తే నీళ్లు చెడ్డాయని తెలుస్తుంది, ఏ కాలవ నుంచి చెడు వచ్చిందో తెలియదు. లాలాజలమూ అంతే. ఏ పంటి దగ్గర జబ్బు ఉందో తేల్చడానికి ప్రోబ్ పట్టాల్సిందే. సెన్సర్ల గురించి వచ్చే ఉత్సాహపు కథనాల్లో తరచూ మరుగున పడేది ఈ ముక్కే.

వెతికే గుర్తులు

లాలాజలంలో చిగుళ్ల వ్యాధికి గుర్తులుగా పదుల కొద్దీ అణువులను పరిశీలించారు. వాటిలో అన్నిటికన్నా ముందున్నది ఎంఎంపీ-8. ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయంలో టిమో సోర్సా దశాబ్దాలుగా దీని మీదే పనిచేశారు. ఆయన పట్టుబట్టి నిలబెట్టిన సంగతి ఒకటుంది. ఎంఎంపీ-8 మొదట నిద్రాణంగా పుడుతుంది. దాని కోతపెట్టే భాగాన్ని ఒక తునక కప్పి ఉంచుతుంది. ఆ తునక తొలగితేనే ఎంజైము పనిలోకి దిగుతుంది. నిద్రాణమైనదాన్నీ పనిలో ఉన్నదాన్నీ కలిపి కొలిస్తే ఆరోగ్యవంతులకూ రోగులకూ మధ్య తేడా మసకబారుతుంది. పనిలో ఉన్న రూపాన్ని మాత్రమే ఎంచి పట్టుకునే యాంటీబాడీ ఉంటే తేడా స్పష్టమవుతుంది. తర్వాత వచ్చిన వాణిజ్య పరీక్షకు పునాది ఇదే.

ఇంటర్‌ల్యూకిన్-1బీటా వాపు సంకేతాన్ని మోసే ప్రోటీన్. కెంటకీ విశ్వవిద్యాలయంలో క్రెయిగ్ మిల్లర్ బృందం 2006లో ఇది, ఎంఎంపీ-8 రెండూ కలిసి పెరిగినవారిలో చిగుళ్ల వ్యాధి ఉండే అవకాశం ఎంతో ఎక్కువని చూపింది. ఒక్క గుర్తు కన్నా రెండు మూడు కలిపి చూడడమే మేలన్న అభిప్రాయం అప్పటి నుంచి బలపడింది. మిషిగన్‌లో విలియం జియనొబిలీ బృందం ఈ దారిలోనే ముందుకు వెళ్లి, గుర్తులతో పాటు బ్యాక్టీరియా లెక్కలను కూడా జోడించింది. ఇంటర్‌ల్యూకిన్-6, మిప్-1ఆల్ఫా, కాల్‌ప్రొటెక్టిన్ కూడా తరచూ కనిపించే పేర్లు.

జపాన్ వేరే తోవ పట్టింది. చౌకగా, పెద్ద సంఖ్యలో చేయడానికి వీలైన పాత గుర్తులను అక్కడ ఎంచుకున్నారు: ఉమ్మిలోని రక్తపు జాడ, కణాలు చితికినప్పుడు వెలువడే లాక్టేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైము. లయన్ సంస్థ తెచ్చిన పరీక్ష పట్టీ రక్తం, తెల్లకణాలు, ప్రోటీన్, ఆమ్లత్వం, అమ్మోనియా వంటి ఏడు అంశాలను 5 నిమిషాల్లో రంగుల్లో చూపుతుంది. వీటిలో ఏ ఒక్కటీ చిగుళ్ల వ్యాధికే ప్రత్యేకం కాదు. అయినా కంటికి రంగు చూపించి మనిషిని డాక్టరు దాకా నడిపించడంలో అవి పనికొస్తాయి.

బ్యాక్టీరియానే వెతికే పరీక్షలు మరో రకం. ఎర్ర గుంపులోని మూడూ ఒక ప్రత్యేకమైన ఎంజైమును వెలువరిస్తాయి. దాన్ని రంగు మార్పుతో పట్టే బానా పరీక్షను మిషిగన్‌లో వాల్టర్ లోషె అభివృద్ధి చేశారు. జింజివాలిస్ వదిలే జింజిపెయిన్ అనే ఎంజైముల మీద కొత్త సెన్సర్లు వస్తున్నాయి. ఒక చిన్న పెప్టైడు గొలుసుకు రంగునిచ్చే కణాన్ని వేలాడదీస్తారు. జింజిపెయిన్ ఆ గొలుసును కోయగానే కణం రాలి రంగు మారుతుంది. చూడముచ్చటైన ఏర్పాటే. కానీ జింజివాలిస్ ఆరోగ్యవంతుల నోళ్లలో కూడా కొద్దిగా ఉండవచ్చు. దొంగ ఊళ్లో ఉన్నంత మాత్రాన దొంగతనం జరిగినట్టు కాదు గనక, శరీరపు స్పందనను కొలిచే గుర్తులకే ఎక్కువ బరువు ఇవ్వాలి.

సెన్సర్ లోపల

ఇలాంటి ఏ జీవసంవేదకంలోనైనా (బయోసెన్సర్) రెండు భాగాలుంటాయి. కావలసిన అణువును పట్టుకునేది ఒకటి: యాంటీబాడీ, ఎంజైము, ఆప్టమర్ అనే చిన్న డీఎన్ఏ పోగు, లేదా ఆ అణువు ఆకారంలో అచ్చు తీసిన ప్లాస్టిక్. పట్టుకున్న సంగతిని కొలవదగిన సంకేతంగా మార్చేది రెండోది. లీలాండ్ క్లార్క్, చాంప్ లయన్స్ 1962లో గ్లూకోజ్ కోసం ప్రతిపాదించిన ఎంజైమ్ ఎలక్ట్రోడుతో ఈ శాస్త్రం మొదలైంది. షుగర్ ఉన్నవాళ్లు ఇంట్లో వాడే గ్లూకోమీటర్ దాని సంతానమే.

చిగుళ్ల వ్యాధికి ప్రస్తుతం ఎక్కువగా వాడకంలో ఉన్నది గర్భ పరీక్ష తరహా పట్టీ. లాలాజలం నైట్రోసెల్యులోజ్ పొర వెంట పాకుతూ దారిలో రంగు కణాలు తగిలించిన యాంటీబాడీలను వెంటబెట్టుకుని వెళ్తుంది. కొంతదూరంలో గీతగా పరిచి ఉన్న రెండో యాంటీబాడీ దగ్గర ఎంఎంపీ-8 చిక్కుకుంటే అక్కడ రంగు గీత తేలుతుంది. జర్మనీలోని జెనా పట్టణానికి చెందిన డెంటోగ్నాస్టిక్స్ సంస్థ తెచ్చిన పెరియోసేఫ్ ఈ రకంది. రోగి ముందు మామూలు నీళ్లతో పుక్కిలించి ఉమ్మేస్తాడు. నిమిషం ఆగి, పరీక్ష ద్రవాన్ని అర నిమిషం పుక్కిలించి గిన్నెలో పడతాడు. 5 నిమిషాల్లో ఫలితం. మిల్లీలీటరుకు 20 నానోగ్రాములు దాటితే పాజిటివ్. ఒరలైజర్ అనే చిన్న యంత్రంలో పట్టీని పెడితే సంఖ్య కూడా వస్తుంది. దంతాల ఇంప్లాంట్ల చుట్టూ వచ్చే వాపు కోసం ఇదే సూత్రంతో ఇంకో పట్టీ ఉంది. ఈ పరీక్ష ఎంత నమ్మదగినదన్న దాని మీద అధ్యయనాలన్నీ ఒక్క మాట చెప్పడం లేదు. కొన్నింటిలో చాలా బాగా పనిచేసింది, కొన్నింటిలో జబ్బు ఉన్నవారిని గణనీయంగా వదిలేసింది. పరీక్షించిన జనం వేరు, జబ్బుకు పెట్టుకున్న నిర్వచనం వేరు, పుక్కిలించే పద్ధతి వేరు అయినప్పుడు తేడాలు రావడం సహజమే.

అమెరికాలోని శాండియా జాతీయ ప్రయోగశాలలో ఏమీ హెర్, అనూప్ సింగ్ బృందం 2007లో మరో మార్గం చూపింది. 20 మైక్రోలీటర్ల లాలాజలాన్ని గాజు చిప్ మీది సన్నని కాలువల్లోకి పంపి, విద్యుత్ క్షేత్రంతో ప్రోటీన్లను వేరు చేసి, 10 నిమిషాల లోపే ఎంఎంపీ-8ను కొలిచారు. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో జాన్ టేలర్, ఫిలిప్ ప్రెషా బృందం ఉపరితల ధ్వని తరంగాలను వాడింది. స్ఫటికం మీద పరుగెత్తే తరంగం, దాని దారిలోని యాంటీబాడీలకు ఎంఎంపీ-8 అంటుకుని బరువు పెరిగితే మారుతుంది. ఆ మార్పే కొలత. 2019లో వారు దీని నమూనాను ప్రచురించారు. బంగారు ఎలక్ట్రోడు మీద యాంటీబాడీలు పరిచి, అణువు అంటుకున్నప్పుడు విద్యుత్ నిరోధంలో వచ్చే మార్పును చదివే సెన్సర్లు ఇంకా ఎన్నో ఉన్నాయి. ప్రయోగశాలలో కలిపిన శుద్ధ ద్రావణంలో వీటిలో చాలావాటి పనితీరు అద్భుతం. నిజమైన ఉమ్మిలో పడ్డాకే వాటి సత్తా తెలుస్తుంది.

ఎలక్ట్రానిక్స్ లేకుండానే పనిచేసే ఒక ఆలోచన జర్మనీలోని వూర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో లోరెంజ్ మైనెల్ బృందం నుంచి 2017లో వచ్చింది. చూయింగ్ గమ్‌లో చేదు పదార్థాన్ని ఒక పెప్టైడుతో కట్టి ఉంచుతారు. నోట్లో వాపు తాలూకు ఎంఎంపీ ఎంజైములు ఉంటే ఆ పెప్టైడు తెగి చేదు విడుదలవుతుంది. కొలిచే యంత్రం మన నాలుకే. ఇంప్లాంట్ల చుట్టూ వచ్చే జబ్బును తొలిదశలోనే పట్టడానికి దీన్ని ఉద్దేశించారు. కరెంటు, చదువు, ప్రయోగశాల ఏదీ అవసరం లేని ఇలాంటి పరీక్షకు తగినంత ప్రచారం, పెట్టుబడి దక్కకపోవడం విచారించాల్సిన విషయం.

నోట్లోనే ఉండిపోయే సెన్సర్ల మీద కూడా పని జరుగుతోంది. ప్రిన్స్‌టన్‌లో మైఖేల్ మెకల్పైన్ బృందం 2012లో పట్టు పొర మీద ముద్రించిన గ్రాఫీన్ సెన్సర్‌ను పంటికి అతికించి బ్యాక్టీరియాను వైర్ లేకుండా గుర్తించవచ్చని చూపింది. శాన్ డియేగోలో జోసెఫ్ వాంగ్ బృందం పంటి తొడుగులో అమర్చిన సెన్సర్‌తో లాలాజలంలోని యూరిక్ ఆమ్లాన్ని కొలిచింది. ఇవి చిగుళ్ల వ్యాధి సెన్సర్లు కావు గానీ, నోట్లో సెన్సర్ నిలబడగలదా అన్న ప్రశ్నకు తొలి జవాబులు.

ఉమ్మితో వచ్చే చిక్కులు

లాలాజలం జిగురు ద్రవం. మ్యూసిన్లు ఎలక్ట్రోడు మీద పేరుకుని యాంటీబాడీలను కప్పేస్తాయి. అమైలేజ్ ఎంత ఎక్కువగా ఉంటుందంటే, కావలసిన అణువు కనిపించకుండా అడ్డుపడుతుంది. సిన్సినాటి విశ్వవిద్యాలయంలో ఆండ్రూ స్టెకిల్ బృందం దీనికి బంగాళాదుంప పిండిని ఆశ్రయించింది. అమైలేజ్‌కు పిండి పదార్థమంటే ప్రీతి. లాలాజలాన్ని ముందుగా ఆ పిండి గుండా పంపితే అమైలేజ్ అక్కడే అంటుకుపోతుంది, మిగిలిన ద్రవంలో జింజివాలిస్ విషపదార్థాన్ని పట్టీ మీద గుర్తించవచ్చు. నానో సాంకేతికత మధ్యలో వంటింటి సరుకుతో తీరిన చిక్కు ఇది.

మోతాదులు ఒక రోజులోనే మారతాయి. నిద్రలో లాలాజలం తగ్గుతుంది, భోజనం వాసనకు పెరుగుతుంది. నమిలి ఊరించిన ఉమ్మి పలచగా ఉంటుంది, దానంతట ఊరినది చిక్కగా ఉంటుంది. అందుకే తినడం, తోమడం అయ్యాక కనీసం గంట ఆగి, రోజూ ఒకే వేళకు నమూనా తీసుకోవాలంటారు. రక్తపోటుకు, మానసిక సమస్యలకు వాడే మందుల్లో చాలావాటితో నోరు ఎండుతుంది, దాంతో గాఢతలు తారుమారవుతాయి. తాంబూలం, గుట్కా నమిలేవారి ఉమ్మి రంగు, రంగును చదివే పట్టీలను తప్పుదారి పట్టించే వీలుంది. మన ప్రాంతంలో ఈ పరీక్షలను వాడాలనుకునేవారు ముందుగా తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇది.

ఇంకో చిక్కు పైకి వింతగా ఉంటుంది. జబ్బు బాగా ముదిరి చాలా పళ్లు పోయిన మనిషి లాలాజలంలో ఎంఎంపీ-8 తక్కువగా ఉండవచ్చు. పళ్లు లేనిచోట చిగురు గుంటలూ ఉండవు, వాటి ద్రవమూ ఉండదు. అందువల్ల నోట్లో ఎన్ని పళ్లున్నాయో చూడకుండా సంఖ్యను చదవకూడదు.

చికిత్స తర్వాత

లాలాజల సెన్సర్ నిజంగా రాణించగల చోటు ఇది. ఒక మనిషి సంఖ్యను ఇంకో మనిషి సంఖ్యతో పోల్చినప్పుడు పైన చెప్పిన తేడాలన్నీ అడ్డొస్తాయి. అదే మనిషి ఈ నెల సంఖ్యను పోయిన నెల సంఖ్యతో పోల్చినప్పుడు వాటిలో చాలావరకు తొలగిపోతాయి. గార తీసి, చిగురు కింద వేర్లు శుభ్రం చేసిన తర్వాత చురుకైన ఎంఎంపీ-8 తగ్గుతుందని పలు అధ్యయనాల్లో కనిపించింది. తగ్గనివారిని, తగ్గి మళ్లీ పెరిగినవారిని ముందే పిలిపించవచ్చు. ఇప్పుడు చికిత్స అయినవారిని సాధారణంగా మూడు నాలుగు నెలలకోసారి రమ్మంటారు. అందరికీ ఒకే గడువు పెట్టడం కన్నా, ఎవరి సంఖ్యను బట్టి వారికి గడువు పెట్టడం న్యాయం.

ఈ ఎంజైమును అణచే మందు కూడా ఉంది. టెట్రాసైక్లిన్ జాతి మందులు బ్యాక్టీరియాను చంపడమే కాక కొల్లాజెనేజ్‌ను అడ్డుకుంటాయని న్యూయార్క్‌లోని స్టోనీ బ్రూక్‌లో లోర్న్ గొలుబ్ బృందం 1980లలో కనుగొంది. ఆ పరిశోధన ఫలితంగా బ్యాక్టీరియాను చంపనంత తక్కువ మోతాదులో, 20 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్‌కు 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఎంజైమును కొలిచే పరికరం, ఎంజైమును తగ్గించే మందు రెండూ చేతిలో ఉన్నప్పుడు ఆ మందు ఎవరికి అవసరమో, ఎవరికి పనిచేస్తోందో చూసి వాడే అవకాశం కలుగుతుంది.

మన ఇళ్లలో బలంగా ఉన్న ఒక భయం గురించి ఇక్కడ చెప్పాలి. పళ్లు క్లీనింగ్ చేయిస్తే వదులవుతాయని చాలామంది నమ్ముతారు. గట్టిపడ్డ గార అప్పటిదాకా కదిలే పళ్లను ఒకదానితో ఒకటి పట్టి ఉంచుతుంది, అది తీయగానే కదలిక బయటపడుతుంది. వాచిన చిగురు తగ్గి పళ్ల మధ్య సందులు కనిపిస్తాయి. రోగికి మాత్రం డాక్టరే పళ్లు చెడగొట్టినట్టు అనిపిస్తుంది. క్లీనింగ్‌కు ముందు ఒక సంఖ్య, ఆరు వారాల తర్వాత తగ్గిన సంఖ్య చూపించగలిగితే ఎంత నచ్చచెప్పినా పోని ఆ అపోహ కాస్తయినా సడలుతుంది.

మధుమేహం, ఊరి ఆరోగ్య కేంద్రం

చిగుళ్ల వ్యాధికీ మధుమేహానికీ సంబంధం రెండు వైపులా నడుస్తుంది. చక్కెర అదుపులో లేనివారిలో చిగుళ్లు త్వరగా చెడతాయి, చిగుళ్ల వాపు చక్కెరను అదుపులోకి రానివ్వదు. 2017లో జరిగిన అంతర్జాతీయ సదస్సు తర్వాత 2018లో ప్రకటించిన కొత్త వర్గీకరణ ఈ సంగతిని నేరుగా తన లెక్కలోకి తీసుకుంది. జబ్బు ఎంత ముదిరిందో నాలుగు దశల్లో, ఎంత వేగంగా నడుస్తుందో మూడు శ్రేణుల్లో చెబుతారు. చక్కెర అదుపును చూపే హెచ్‌బీఏ1సీ 7 శాతమో అంతకు మించో ఉన్న మధుమేహులను, రోజుకు 10 సిగరెట్లు, ఆపైన తాగేవారిని వేగపు శ్రేణిలో చేరుస్తారు. జీవ సూచికలు నమ్మకంగా పనిచేస్తాయని తేలితే వాటినీ ఇందులో కలుపుకునేందుకు చోటు ఉంచారు.

ఐసీఎంఆర్ ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన సర్వే ప్రకారం భారతదేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్లకు పైనే. వీరిలో ఎక్కువమంది షుగర్ డాక్టరును క్రమంగా కలుస్తారు, పళ్ల డాక్టరును మాత్రం కలవరు. చిగుళ్ల పరీక్ష జరగాల్సిన చోటు షుగర్ క్లినిక్కే. దేశంలో 30 ఏళ్లు దాటినవారికి రక్తపోటు, షుగర్‌లతో పాటు నోటి క్యాన్సర్ కోసం నోరు తెరిపించి చూడడం జాతీయ కార్యక్రమంలో భాగంగా ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పల్లెల్లోనూ నోరు తెరిపించి చూసే ఆ ఒక్క సందర్భంలో ఉమ్మి పట్టీ కూడా చేర్చడం పెద్ద పనేమీ కాదు.

అయితే ముందే ఒక లెక్క వేసుకోవాలి. వెయ్యి మందిలో 200 మందికి తీవ్రమైన జబ్బు ఉందనుకుందాం. పరీక్ష జబ్బు ఉన్నవారిలో 80 శాతం మందిని పట్టుకుంటుందని, లేనివారిలో 80 శాతం మందిని సరిగ్గా వదిలేస్తుందని అనుకుందాం. అప్పుడు పాజిటివ్ వచ్చేవారు 320 మంది. వారిలో నిజంగా జబ్బు ఉన్నవారు 160 మందే. మరో 40 మంది జబ్బుతోనే, ఏమీ లేదన్న భరోసాతో ఇంటికి వెళ్తారు. కాబట్టి పాజిటివ్ వచ్చినవారికి చికిత్స చీటీ రాసివ్వకూడదు, రెండో మెట్టు ఉండాలి. ఆ మెట్టుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ప్రోబ్ సరిపోతుంది. దాని కొసన అర మిల్లీమీటరు గుండు, 3.5 నుంచి 5.5 మిల్లీమీటర్ల మధ్య నల్ల పట్టీ ఉంటాయి. నోటిని ఆరు భాగాలు చేసి చూసే ఆ పరీక్షకు కొన్ని నిమిషాలు చాలు. నెగటివ్ వచ్చినా చిగుళ్ల రక్తం, పళ్ల కదలిక ఉందని చెప్పినవారిని కూడా ఆ మెట్టు ఎక్కించాలి. వారిని పంపడానికి మండల స్థాయిలో దంతవైద్యుడు, స్కేలింగ్ యంత్రం, దాన్ని నడపడానికి కరెంటు, ఇంటికి తిరిగి వెళ్లే బస్సు దొరికే వేళకు అపాయింట్‌మెంట్ ఉండాలి. ఇవి లేనిచోట పట్టీలు పంచితే జబ్బు పేరు తెలిసినవారి సంఖ్య పెరుగుతుంది, నయమైనవారి సంఖ్య పెరగదు.